పంచదార మానేసి బెల్లం వేస్తున్నాం, అయినా పాప పన్ను పుచ్చింది!

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పాపకు ఏడేళ్ళు. రెండేళ్ళ కిందట దాని పాల పళ్ళు రెండు పుచ్చితే భయపడి ఇంట్లో పంచదార మానేశాం. అప్పట్నుంచీ పొద్దున చోడి అంబలిలోనూ, సాయంత్రం పాలల్లోనూ, రాత్రి పడుకునే ముందు పాలల్లోనూ బెల్లమే. బడికి బిస్కెట్లు వద్దని మరమరాల ఉండలు కట్టి ఇస్తాను, అవీ బెల్లం పాకంతోనే. ట్యూషన్ దగ్గర మాత్రం ఏదో ఒక చాక్లెట్ కొనుక్కుంటుంది. ఇంత చేసినా ఇప్పుడు కింది దవడలో బాగా వెనక ఉన్న పన్ను మీద నల్లటి చుక్క కనిపిస్తోంది. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు జైలిటాల్ అనే పొడి కిలో ప్యాకెట్ పంపించి, "అక్కా, పంచదారలాగే వాడుకో, పళ్ళు పుచ్చవు" అంటున్నాడు. మా అత్తగారికి షుగర్ ఉంది. టీలో పంచదార బదులు తీపి బిళ్ళ వేసుకుంటారు, పిల్లకీ అదే వెయ్యమంటారు. ఆవిడ పొద్దున్నే గుడాకుతో, అంటే పొగాకు ముద్దతో, పళ్ళు తోముకుంటారు. అందులో బెల్లం మడ్డే కలుపుతారట, అయినా ఆవిడకు ఒక్క పుచ్చు పన్ను లేదు. "నా పళ్ళు చూడు, మీ పేస్టులు చూడు" అని వెక్కిరిస్తారు. ఇంతకీ ఆ జైలిటాల్ వాడొచ్చా? పాప ఏం తిన్నా సగం మా కుక్కకు పెడుతుంది, దానికేమైనా అవుతుందా?
ఒక తల్లి, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, మీరు ఆఖర్న అడిగిన కుక్క సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది ఈ రోజే చూసుకోవాల్సిన పని. ఆ ప్యాకెట్ కుక్కకు అందని చోట, పై అరలో పెట్టండి. మనిషికి ఏమీ కానంత జైలిటాల్ కుక్క ప్రాణం మీదికి తెస్తుంది. దాని ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా విడుదలై రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలుతుంది, ఫిట్స్ రావచ్చు, లివర్ కూడా దెబ్బతినవచ్చు. జైలిటాల్ వేసిన మిఠాయైనా, చూయింగ్ గమ్ అయినా దానికి పెట్టొద్దని పాపకు గట్టిగా చెప్పండి. పొరపాటున తింటే 'కాసేపు చూద్దాం' అనుకోకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇక పాప పళ్ళు. మీ తమ్ముడు చెప్పినదాంట్లో నిజం ఉంది, మీ అత్తగారి మాటలోనూ కొంత ఉంది. మీరు రెండేళ్ళుగా నమ్ముకున్న బెల్లం మాత్రం, పళ్ళ వరకూ, మిమ్మల్ని ఆదుకోలేదు. బెల్లంలో ఇనుము ఉంటుందనీ ఖనిజాలు ఉంటాయనీ అంటారు. ఉండనివ్వండి, దాని గురించి పేచీ లేదు. కానీ అందులో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉన్నదే. మిగిలినదాంట్లోనూ గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి. ఆస్కా మిల్లు పంచదారైనా, అనకాపల్లి బెల్లమైనా పళ్ళు పుచ్చేలా చేసే సూక్ష్మజీవులకు ఒకటే విందు. తేనె, తాటి బెల్లం, పటిక బెల్లం, బ్రౌన్ షుగర్ కూడా అంతే. ఇంకా చెప్పాలంటే మరమరాల ఉండలో ఉన్న ముదురు పాకం పంటి గుంటల్లో ఇరుక్కుని, టీలో కరిగిన పంచదార కన్నా చాలాసేపు అక్కడే ఉంటుంది. బిస్కెట్ మాన్పించి ఉండ ఇవ్వడం వల్ల పాప పళ్ళకు కలిగిన లాభం ఏమీ లేదు. ఆ మాట రాయడానికి నాకూ బాధగానే ఉంది. ఇంత ఓపిగ్గా ఇంట్లో కట్టి ఇచ్చే తల్లులు ఈ రోజుల్లో ఎంతమంది?

అసలు పన్ను ఎలా పుచ్చుతుందో ఒకసారి చూద్దాం. అది తెలిస్తే ఏ స్వీటెనర్, అంటే పంచదార బదులు వాడే తీపి, ఎందుకు పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో మీకే అర్థమైపోతుంది. పళ్ళ మీద పేరుకునే పాచిలో స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ లాంటి బ్యాక్టీరియా ఉంటుంది. మనం తిన్న తీపిని అది తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. సుక్రోజ్ దొరికితే దానితో జిగురు కూడా తయారు చేసుకుని పంటిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాలకే పాచిలో ఆమ్లం పెరిగి, పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) సుమారు 5.5 కన్నా కిందికి దిగుతుంది. అక్కడి నుంచి పంటి పైపొర, అంటే ఎనామెల్, కాల్షియాన్ని పోగొట్టుకోవడం మొదలుపెడుతుంది. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగి, పోయిన ఖనిజాన్ని తిరిగి పంటికి చేరుస్తుంది. ఇందుకు అరగంట నుంచి గంట దాకా పడుతుంది. ఈలోగా ఇంకో చాక్లెట్ పడిందా, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక అప్పు తీరకుండా ఇంకో అప్పు చేసినవాడి సంసారం ఎలా ఉంటుందో ఆ పంటి పరిస్థితీ అలాగే ఉంటుంది.

అంటే ఎంత తీపి తిన్నామన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ముఖ్యం. ఈ సంగతి బయటపడిన తీరు అంత గౌరవంగా లేదు. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే మానసిక వైద్యశాలలో 1940లలో రోగుల మీదే ప్రయోగం చేశారు. కొందరికి భోజనంతో పాటు తీపి ఇచ్చారు, కొందరికి భోజనాల మధ్యలో పళ్ళకు అంటుకునే టాఫీలు ఇచ్చారు. 1954లో ఫలితాలు ప్రకటించారు. భోజనంతో తిన్నవాళ్ళలో పుచ్చు పళ్ళు పెద్దగా పెరగలేదు, మధ్యమధ్యలో టాఫీలు నమిలినవాళ్ళ పళ్ళు మాత్రం దారుణంగా దెబ్బతిన్నాయి. వద్దని చెప్పలేని మనుషుల మీద అలా చేసినందుకు తర్వాత లోకమంతా తిట్టింది, తిట్టాల్సిందే. కానీ ఈ రోజు ఏ దంతవైద్యుడు 'మధ్యలో తినొద్దు' అని చెప్పినా ఆ మాట వెనక ఆ అభాగ్యుల పళ్ళు ఉన్నాయి.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఉన్న పాప దినచర్యను మళ్ళీ చదవండి. పొద్దున బెల్లం అంబలి, బడిలో ఉండ, సాయంత్రం బెల్లం పాలు, ట్యూషన్ దగ్గర చాక్లెట్, పడుకునే ముందు మళ్ళీ బెల్లం పాలు. మీరు రాసినవే ఐదు. రాయనివి, అంటే అమ్మమ్మ ఇచ్చే బిస్కెట్, పక్కింటివాళ్ళ ప్రసాదం, దగ్గు మందు సిరప్, ఇవి ఎన్నో మీకే తెలియాలి. పిల్లల సిరప్‌లలో చాలావాటికి పంచదార పాకమే ఆధారం, అది కూడా రాత్రి పడుకునే ముందే తాగిస్తాం. సిరప్ ఇచ్చాక నీళ్ళతో పుక్కిలించమనండి. పంచదార లేని రకం ఉందా అని మందుల షాపులో అడగండి, ఉంటుంది.

వీటన్నిటిలోకీ అన్యాయమైనది రాత్రి పాలు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, కడిగేవాళ్ళు ఉండరు. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ చక్కెరల్లోకెల్లా పళ్ళకు తక్కువ హాని చేసేది, పాలలో కాల్షియం కూడా ఉంది. వట్టి పాలతో భయం లేదు. అందులో పడే బెల్లంతోనూ, కలిపే మాల్ట్ పొడులతోనే గొడవంతా. ఆ పొడుల డబ్బాల మీద బలం, ఎత్తు అని ఎన్ని రాసినా వెనక చిన్న అక్షరాల్లో చక్కెర ఎంతో కూడా రాసి ఉంటుంది, అది చదవండి.

'అయితే పాలల్లో బెల్లం బదులు ఏం వెయ్యాలి?' అని మీరు అడుగుతారు. ఏమీ వెయ్యొద్దు అన్నదే నా జవాబు. ఒక్కసారిగా మానేస్తే పాప గోల చేస్తుంది కాబట్టి వారానికింత తగ్గిస్తూ రండి. చెంచాడు వేసేవాళ్ళు ముప్పావు, తర్వాత అర, తర్వాత పావు. పిల్లల నాలుక పెద్దవాళ్ళ నాలుక కన్నా తొందరగా దారికొస్తుంది. అంబలికైతే ఈ బాధ కూడా లేదు. మన ఇళ్ళల్లో చోడి అంబలి మజ్జిగా ఉప్పూ వేసి తాగినదే. కొండ ఊళ్ళల్లో ఈ రోజుకీ మాండియా జావ, అంటే చోడి జావే, అలాగే తాగుతున్నారు. దాంట్లో బెల్లం వెయ్యడం ఈ మధ్య వచ్చిన ముచ్చట.

పిల్లకు తీపే లేకుండా చెయ్యమని నేననను. రజ పండుగకు పోడపిఠా, సంక్రాంతికి అరిసెలు, ఆదివారం రసగుల్లా తిననివ్వండి. కడుపునిండా అన్నం తిన్నాక, ఆ భోజనంలో భాగంగా పెట్టండి. భోజనంలో లాలాజలం ఎలాగూ బాగా ఊరుతుంది, ఆమ్లం దాడి కూడా ఆ ఒక్కసారితో పోతుంది. ఛెనాపోడ, అదే పాల విరుగుడును పంచదారతో ఎర్రగా కాల్చిన మిఠాయి, కనిపిస్తే నేనైనా వదలను, కాకపోతే మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా ఆగుతాను.

ఇక మీ తమ్ముడి ప్యాకెట్. జైలిటాల్ చూడటానికి పంచదారలాగే ఉంటుంది, తీపి కూడా దాదాపు అంతే. మొదట్లో బర్చ్ చెట్ల నుంచి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా మొక్కజొన్న కండెల నుంచి తీస్తున్నారు. దీన్ని పిప్పి పుట్టించే బ్యాక్టీరియా పులియబెట్టలేదు. లోపలికి తీసుకుంటుంది గానీ దాన్నుంచి ఆమ్లం తయారు చెయ్యలేదు. 1970లలో ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో కొందరికి రెండేళ్ళ పాటు ఆహారంలో పంచదార అంతా తీసేసి జైలిటాల్ ఇచ్చారు. పంచదార తిన్నవాళ్ళతో పోలిస్తే వాళ్ళలో కొత్త పుచ్చు దాదాపు కనిపించలేదు. ఈ మొత్తం వ్యవహారానికి పేరు తెచ్చింది ఆ ప్రయోగమే. అయితే తర్వాత వచ్చిన పరిశోధనలు అంత ఉత్సాహంగా లేవు. 2015లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టింది. జైలిటాల్ కలిపిన ఫ్లోరైడ్ పేస్టు పిల్లల్లో పుచ్చును 13 శాతం దాకా తగ్గించవచ్చనీ, ఆ ఆధారం కూడా బలహీనమేననీ తేల్చింది. గమ్‌లు, మిఠాయిలు, సిరప్‌ల విషయంలో ఏదీ గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవంది. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను: జైలిటాల్ పంటికి హాని చెయ్యదు, అంతవరకు ఖాయం. పంటికి మందులా పనిచేస్తుందన్నది మాత్రం అమ్మేవాళ్ళు పెద్దగా అరిచి చెప్పే మాట.

అందుకని కిలో ప్యాకెట్ తెరిచి పాప పాలల్లో చెంచాలు చెంచాలు వెయ్యొద్దు. పాలల్లో తీపి తగ్గించాలని ఒకపక్క చూస్తూ, ఇంకోపక్క అంతే తీపి వేరే డబ్బాలోంచి వేస్తే నాలుక ఎప్పటికీ మారదు. రెండోది, ఈ తరహా పదార్థాలు పేగుల్లో పూర్తిగా ఇంకవు. ఎక్కువైతే కడుపు ఉబ్బరం, గ్యాస్, నీళ్ళ విరేచనాలు. చిన్న ఒంటికి కొంచెమే ఎక్కువైపోతుంది. ఇంకో సంగతి, వంటలోనూ ఇది పంచదారలా మెలగదు. పాకం ఎర్రగా మాడి కమ్మటి వాసన రాదు, ఈస్టు వేసిన పిండి దీనితో పొంగదు. దీనితో ఛెనాపోడ చేస్తే ఆ మాడు రుచి ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?

దీన్ని వాడాలనుంటే ఒక్క చోట వాడండి. బడిలో తిన్నాక, ట్యూషన్ దగ్గర, ఇలా పళ్ళు తోముకోవడం కుదరని వేళల్లో, చాక్లెట్ స్థానంలో పంచదార లేని చూయింగ్ గమ్ ఇవ్వండి. పది, ఇరవై నిమిషాలు నమిలితే లాలాజలం బాగా ఊరుతుంది, అసలు మేలు చేసేది చాలావరకు అదే. నమిలినదాన్ని మింగకుండా ఉమ్మేయడం తెలిసిన పిల్లకే ఇవ్వాలి. ఏడేళ్ళ పాపకు నేర్పొచ్చు, ఐదేళ్ళలోపు పిల్లలకు వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. మీ తమ్ముడు ఈసారి ఏమైనా పంపాలనుకుంటే పొడి బదులు గమ్ పంపమనండి. కొనేటప్పుడు వెనక పదార్థాల వరస చూడమనండి. ముందు భాగంలో పెద్ద అక్షరాలతో జైలిటాల్ అని ఉన్నా, వెనక జాబితాలో మొదట సార్బిటాల్ కనిపించడం మామూలే. ఎక్కువ ఉన్న పదార్థమే జాబితాలో ముందు వస్తుంది. సార్బిటాల్ కూడా చెడ్డదేం కాదు. బ్యాక్టీరియా దాన్ని మెల్లగా, కొద్దిగానే పులియబెడుతుంది కాబట్టి పంచదారతో పోలిస్తే చాలా నయం. కానీ జైలిటాల్ ధర పెట్టి సార్బిటాల్ కొనుక్కోవడం ఎందుకు?

ప్యాకెట్ల మీద పేర్ల బదులు ఒక్కోసారి అంకెలే ఉంటాయి, ఐఎన్ఎస్ అని. 967 అంటే జైలిటాల్, 968 ఎరిత్రిటాల్, 420 సార్బిటాల్, 965 మాల్టిటాల్. ఇవన్నీ చక్కెర ఆల్కహాల్ జాతి. పేరులో ఆల్కహాల్ ఉందని కంగారుపడకండి, మత్తుకూ వీటికీ సంబంధం లేదు. 951 ఆస్పర్టేమ్, 954 సాకరిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా ఆకు నుంచి తీసిన తీపి. ఇవి పంచదార కన్నా వందల రెట్లు తియ్యన కాబట్టి చిటికెడు కూడా అక్కర్లేదు. వీటిని కూడా బ్యాక్టీరియా పులియబెట్టలేదు. మరి చిటికెలో వందో వంతు సరిపోయే పదార్థాన్ని చెంచాలతో వేసుకునే పొడిగా ఎలా అమ్ముతున్నారు? అక్కడే కిటుకు ఉంది. పరిమాణం కోసం మాల్టోడెక్స్ట్రిన్ గానీ, డెక్స్ట్రోజ్ గానీ కలుపుతారు. డెక్స్ట్రోజ్ అంటే గ్లూకోజే. మాల్టోడెక్స్ట్రిన్ పిండి పదార్థం, నోట్లోనే విరిగి చక్కెర అవుతుంది. అంటే పళ్ళ కోసమని కొన్న పొడిలో బ్యాక్టీరియాకు కావలసినదే ఎక్కువ భాగం ఉండొచ్చు. వెనక జాబితాలో ఈ రెండు పేర్లు ముందు వరసలో ఉంటే ఆ పొడి పక్కన పెట్టండి. చిన్న బిళ్ళలు, చుక్కలుగా వేసుకునే ద్రవాలు ఈ విషయంలో కొంత మేలు.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. పంచదార లేకపోతే చాలు, పంటికి క్షేమం అనుకుంటాం. డైట్ కూల్‌డ్రింకుల్లో చక్కెర ఉండదు, నిజమే, కానీ ఆమ్లం దండిగా ఉంటుంది. నారింజ, నిమ్మ రుచి షుగర్‌ఫ్రీ బిళ్ళల్లో సిట్రిక్ ఆమ్లం కలుపుతారు. ఇక్కడ బ్యాక్టీరియాతో పనే లేదు, ఆ ఆమ్లమే నేరుగా ఎనామెల్‌ను కరిగిస్తుంది. షుగర్‌ఫ్రీ మిఠాయిని గంటల తరబడి బుగ్గన పెట్టుకునే పిల్లలకు పుల్లటి దాని కన్నా పుదీనా రుచిది కొంత నయం.

ఇంతకీ ఇవి ఒంటికి మంచివేనా? పాప విషయంలో నేను ఎక్కువ ఆలోచించను. కృత్రిమ తీపి ప్యాకెట్లు చాలావాటి మీద పిల్లలకు సిఫారసు చెయ్యడం లేదని రాసే ఉంటుంది, మనకూ పాలల్లో వాటి అవసరం లేదు. మీ అత్తగారి విషయం వేరు. షుగర్ ఉన్న మనిషి టీలో పంచదార బదులు బిళ్ళ వేసుకోవడం తప్పేం కాదు, ఆవిడ పళ్ళకూ అది మంచిదే. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికని ఈ స్వీటెనర్లు వాడొద్దని చెప్పింది గానీ, అప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళకు ఆ సలహా వర్తించదని కూడా అందులోనే చెప్పింది. అదే ఏడాది జూలైలో ఆ సంస్థకే చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఆస్పర్టేమ్‌ను 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది' అనే వరసలో చేర్చడంతో పెద్ద టెన్షన్ రేగింది. దాంతో పాటే వచ్చిన ఇంకో నిపుణుల సంఘం నివేదిక, కిలో శరీర బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా తీసుకోవచ్చన్న పాత పరిమితిని మార్చలేదు. అరవై కిలోల మనిషికి అది 2400 మిల్లీగ్రాములు. టీలో వేసే చిన్న బిళ్ళలో ఉండేది అందులో బాగా చిన్న భాగమే.

ఆవిడకు గుండె జబ్బు కూడా ఉంటే మాత్రం ఒక జాగ్రత్త చెబుతాను. 2023లో ఎరిత్రిటాల్ మీద, 2024లో జైలిటాల్ మీద అమెరికా పరిశోధకుల అధ్యయనాలు వచ్చాయి. రక్తంలో ఇవి ఎక్కువగా ఉన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి ఎక్కువగా కనిపించాయి. 30 గ్రాములు కలిపిన పానీయం తాగాక రక్తం గడ్డకట్టే గుణం పెరిగింది. కారణం ఇవేనని అంతటితో తేలిపోదు. ఒక గమ్ నమిలితే వచ్చేది గ్రాము, అంతకన్నా తక్కువ. అయినా మిఠాయిల్లో, పాయసంలో గుప్పెళ్ళతో వెయ్యడానికి గుండె జబ్బు ఉన్న ఇంట్లో ఆ కిలో ప్యాకెట్ సరైనది కాదు. తమ్ముడు డబ్బు పెట్టి పంపాడని వాడాల్సిన పని లేదు. కుక్క ఉన్న ఇల్లు కూడా కదా.

ఆవిడ టీలో బిళ్ళ వేసుకుంటూ పక్కన 'షుగర్ లేని' బిస్కెట్లు ముంచుకుని తింటుంటే అది కూడా గమనించండి. మైదా పిండి కూడా పంటి సందుల్లో ఇరుక్కుని చక్కెరగా మారుతుంది.

ఇప్పుడు ఆ నల్ల చుక్క. ఏ స్వీటెనరూ దాన్ని పోగొట్టదు, అందుకని దీన్ని వాయిదా వెయ్యకండి. ఏడేళ్ళ పిల్లకు కింది దవడలో అన్నిటికన్నా వెనక ఉన్న పన్ను చాలాసార్లు పాల పన్ను కాదు. ఆరేళ్ళ వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, పాల పళ్ళ వెనక చడీచప్పుడూ లేకుండా మొలిచే శాశ్వత దవడ పన్ను అది. 'పాల పన్నే కదా, ఊడిపోతుందిలే' అని ఎందరో వదిలేస్తారు, తర్వాత జీవితాంతం ఉండాల్సిన పన్ను పదేళ్ళకే పీకించాల్సి వస్తుంది. పగటి వెలుతురులో పాపను మీ ఒడిలో పడుకోబెట్టుకుని నోరు తెరిపించి చూడండి. మధ్య పళ్ళ నుంచి వెనక్కి లెక్కపెడితే ఆరోది అయితే అది శాశ్వత పన్నే. దాని పైన లోతైన గాడులు ఉంటాయి, బ్రష్ కుచ్చు కూడా దూరదు, తీపి అక్కడే దాక్కుంటుంది. అలాగే పై పెదవి ఎత్తి ముందు పళ్ళు చిగురును తాకే చోట చూడండి. సుద్దముక్కతో గీసినట్టు తెల్లని గీత కనిపిస్తే అది పుచ్చుకు మొదలు. ఆ దశలో ఫ్లోరైడ్‌తో వెనక్కి మళ్ళించవచ్చు. గుంట పడ్డాక ఫిల్లింగ్ తప్ప దారి లేదు.

దంతవైద్యుణ్ణి కలిసినప్పుడు మూడు సంగతులు అడగండి. ఆ చుక్క గాడిలో పేరుకున్న మరకా, నిజంగా పుచ్చా? మిగతా శాశ్వత దవడ పళ్ళ గాడులు మూసేలా సీలెంట్ పూత వెయ్యొచ్చా? పళ్ళ మీద పూసే ఫ్లోరైడ్ వార్నిష్ అవసరమా? సీలెంట్‌కు మత్తు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు, పిల్ల భయపడేది ఏమీ ఉండదు. పాప ప్రభుత్వ బడిలో చదువుతుంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఎప్పుడొస్తుందో టీచరును అడగండి. 2013లో మొదలైన ఈ పథకంలో పిల్లల పుచ్చు పళ్ళు కూడా చూడాల్సిన జబ్బుల జాబితాలో ఉన్నాయి, పైఆసుపత్రికి చీటీ రాసి పంపుతారు. అది వచ్చేదాకా కూర్చోమని కాదు. పర్లాకిమిడిలోనే చూపిస్తారో, వంతెన దాటి పాతపట్నం వస్తారో, శ్రీకాకుళం వెళ్తారో మీ వీలు. ముఖం వాచినా, రాత్రి నిద్రలేపేలా నొప్పి వచ్చినా ఆ రోజే వెళ్ళాలి.

పేస్టు సంగతి కూడా చూడండి. బొమ్మలున్న పిల్లల పేస్టుల్లో కొన్నిటిలో ఫ్లోరైడ్ అసలు ఉండదు, కొన్నిటిలో చాలా తక్కువ. పాప వయసుకు ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) గానీ, ఆ పైన గానీ ఉన్నది బఠాణీ గింజంత చాలు. రాత్రి తోమాక ఉమ్మేయమనండి, నీళ్ళతో బాగా పుక్కిలించొద్దు. మిగిలిన ఆ కొద్ది ఫ్లోరైడే రాత్రంతా పని చేస్తుంది. ఈ వయసు పిల్లల చేతికి బ్రష్ ఇచ్చి వదిలేస్తే ముందు పళ్ళు తోమి వచ్చేస్తారు. వెనక పళ్ళు ఇంకో ఏడాది మీరే తోమండి. ఒడిశాలో నువాపడా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంకర్లు పోయిన మనుషుల గురించి విని కొందరు పేస్టుకూ భయపడతారు. అక్కడి బాధ ఏళ్ళ తరబడి తాగే నీళ్ళతో వచ్చింది, ఉమ్మేసే బఠాణీ గింజంత పేస్టుకూ దానికీ పోలిక లేదు.

మీ అత్తగారి వెక్కిరింపుకు కూడా జవాబు ఇవ్వాలిగా. ఆవిడకు పుచ్చు లేకపోవడంలో గుడాకు గొప్పతనం ఏమీ లేదు. ఆవిడ చిన్నప్పుడు బడి బయట చాక్లెట్ల కొట్టు ఉందేమో, రాత్రి పడుకునే ముందు తియ్యటి పాలు ఇచ్చేవాళ్ళేమో అడిగి చూడండి. పండగలకే అరిసె, మిగతా రోజుల్లో రెండు పూటలా అన్నం, మధ్యలో ఏమీ లేదు, ఆ తరంలో చాలామంది కథ ఇదే. పుచ్చు లేనంత మాత్రాన నోరు బాగున్నట్టు కూడా కాదు. గుడాకులో ఉండేది పొగాకు, దానికే మడ్డి కలిపి ముద్ద చేస్తారు. నికోటిన్ ఉంది కాబట్టే పొద్దున్నే అది పెట్టుకోకపోతే ఆవిడకు తోచదు, అది పంటి శుభ్రత కోసం కాదు. షుగర్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు తొందరగా వస్తుంది, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. దానికి పొగాకు తోడైతే గట్టి పళ్ళు కూడా పుచ్చకుండానే కదిలి ఊడిపోతాయి. పొగ లేని పొగాకుతో నోటి క్యాన్సర్ వస్తుందన్నది ఎప్పుడో తేలిన సంగతి.

పెద్దావిడతో వాదనకు దిగితే పట్టుదల పెరుగుతుంది. పాపకు పళ్ళు చూపించడానికి వెళ్ళినప్పుడు 'మీరూ తోడు రండి అత్తయ్యా' అని తీసుకెళ్ళి, డాక్టరు చేతే ఆవిడ చిగుళ్ళు, బుగ్గల లోపలి వైపు, నాలుక కింద చూపించండి. అక్కడ తెల్లని గానీ ఎర్రని గానీ మచ్చ, మానని పుండు రెండు వారాలకు మించి ఉంటే అది అప్పటికప్పుడు పరీక్ష చేయించాల్సిన విషయం. మానాలని ఆవిడకే అనిపిస్తే పొగాకు మానడానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు ఉంది, 1800-11-2356. పాపకు మాత్రం ఆ గుడాకు డబ్బా అందకుండా చూడండి. నానమ్మ చేసేది చూసి పిల్లలు వేలు ముంచుకోవడం మన వైపు ఇళ్ళల్లో కొత్తేం కాదు.